ల్యాబ్రడార్ కుక్క పక్కటెముకల మీద గడ్డ: కొవ్వేనని వదిలేయవచ్చా?

అడిగినవారు: గోదారి గట్టు

మా ల్యాబ్రడార్‌కి తొమ్మిదో ఏడు. మగది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించలేదు, బరువు 38 కిలోలు. కుడివైపు పక్కటెముకల మీద చర్మం కింద నిమ్మకాయంత గడ్డ తగులుతోంది. మెత్తగా ఉంది, వేలితో తోస్తే అటూ ఇటూ జారుతోంది. ముట్టుకున్నా వాడికి నొప్పి ఉన్నట్టు లేదు. తిండి, నడక మామూలే. పశువుల డాక్టరు చేత్తో తడిమి చూసి "కొవ్వు గడ్డ, పెరిగితే చూద్దాం" అన్నారు. అంతటితో సరిపోతుందా? ఇంట్లో మేం ఏం గమనించాలి? సూది పెడితే గడ్డ రేగి, క్యాన్సరైతే ఒళ్లంతా పాకుతుందని పక్కవాళ్లు భయపెడుతున్నారు. అది నిజమేనా?

జవాబు: పెట్ క్లినిక్ డాక్టర్

చేత్తో చూసి చెప్పింది సరిపోదండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కొవ్వు గడ్డవే. లైపోమా అంటారు, వయసు మీరి ఒళ్లు చేసిన ల్యాబ్‌లలో చాలా మామూలు. చిక్కల్లా ఏమిటంటే, మాస్ట్ సెల్ ట్యూమర్ అనే క్యాన్సర్ కణితి కూడా చర్మం కింద అచ్చం ఇలాగే మెత్తగా జారుతూ ఉండగలదు. ఎంత అనుభవమున్న చేతికైనా ఆ తేడా అందదు. పైగా ల్యాబ్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, బాక్సర్ జాతుల్లో ఇది ఎక్కువ. అందుకే మేం పాటించే లెక్క ఇది: గడ్డ బఠాణీ గింజంత, అంటే సుమారు 1 సెం.మీ. ఉన్నా, నెల రోజులుగా పోకుండా ఉన్నా, సూదితో కణాలు తీసి చూడాలి. నిమ్మకాయంత గడ్డకి ఇక ఆలోచన అక్కర్లేదు.

ఈ పరీక్షని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. 22 లేదా 23 గేజ్ సూది, 5 ఎం.ఎల్. సిరంజి చాలు. పక్కటెముకల మీది గడ్డకి మత్తు అవసరం ఉండదు, ఒకరు తల పట్టుకుంటే టీకా వేసినంత సేపట్లో అయిపోతుంది. సూదిని ఒకే చోట కాకుండా గడ్డలో మూడు నాలుగు దిక్కులకి పోనిచ్చి, నాలుగైదు స్లైడ్లు తీయమని అడగండి. ఒక్క స్లైడే తీస్తే అందులో నెత్తురు తప్ప కణాలు లేవని తేలి మళ్లీ రమ్మంటారు.

పాకుతుందన్న భయం సంగతి. చర్మం మీది గడ్డల్లో సూది దారి వెంట క్యాన్సర్ వ్యాపించడం చాలా అరుదు. నిజంగా చెరుపు చేసేది పిసకడం. మాస్ట్ సెల్ కణాల నిండా హిస్టమిన్ ఉంటుంది. గడ్డని నలిపితే అది బయటికొచ్చి చుట్టూ ఎర్రబడుతుంది, వాస్తుంది. గడ్డ ఒక రోజు పెద్దదై, మర్నాటికి తగ్గినట్టు కనబడటానికి కారణం కూడా ఇదే. "తగ్గిపోతోందిలే" అని వదిలేసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. హిస్టమిన్ ఎక్కువైతే కడుపులో పుండ్లు పడి వాంతులు, తారులా నల్లటి మలం వస్తాయి. సూది పెట్టాక గడ్డ పొంగితే ఆ విషయం వెంటనే చెప్పండి, అవిల్ లాంటి ఇంజెక్షన్‌తో అదుపు చేస్తారు. ఇంట్లో మాత్రం రోజూ నొక్కి చూడకండి, వారానికోసారి చాలు.

చూసే పద్ధతి: కుక్కని ఎప్పుడూ నిలబెట్టే చూడండి. పడుకుంటే ఇలాంటి గడ్డ జారి వేరే చోట తగులుతుంది. ఆసుపత్రికి బయలుదేరే ముందు గడ్డ మీద వెంట్రుకలు కాస్త కత్తిరించి మార్కర్‌తో గుండ్రంగా గీయండి, లేదంటే బల్ల మీద పడుకోబెట్టాక అది దొరక్క వెతుక్కోవాల్సి వస్తుంది. పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాసిపెట్టుకోండి. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. చాలామంది రూపాయి బిళ్ళ పెడతారు, కానీ పాత బిళ్ళ, కొత్త బిళ్ళ ఒకే సైజు కావు, నెల తర్వాత పోలిస్తే లెక్క తప్పుతుంది. చర్మంతో పాటు కదులుతోందా, చర్మం విడిగా కదిలి గడ్డ అడుగునే ఉందా, పైన వెంట్రుకలు ఊడాయా, ఇవి కూడా రాయండి.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లాల్సినవి: గడ్డ పగిలి నెత్తురు ఆగకపోవడం, వేడిగా నొప్పిగా ఉండి జ్వరం 103 ఫారన్‌హీట్ దాటడం, నల్లటి మలం, చిగుళ్లు పాలిపోవడం. ఒక్క రాత్రిలో లేచిన వేడి గడ్డ చాలావరకు చీము గడ్డో, కాటో అయి ఉంటుంది. క్యాన్సర్ సాధారణంగా అంత వేగంగా రాదు. అయినా చీముకి చికిత్స ఆలస్యం కాకూడదు.

జవాబు: స్లైడు ల్యాబు

ల్యాబ్ వైపు నుంచి రెండు మాటలు.

కొవ్వు గడ్డ స్లైడు కంటికే కాస్త తెలుస్తుంది. గాజు మీద నూనె బొట్లలా మెరుస్తూ, ఎంతసేపు ఆరబెట్టినా ఆరదు. రంగు వేసే ముందు ఆల్కహాల్‌లో ముంచితే చాలా భాగం కొట్టుకుపోతుంది. అయితే జిడ్డు కనబడగానే "కొవ్వే" అని స్లైడు పారేయకూడదు. చర్మం కింద మామూలు కొవ్వు ఎలాగూ ఉంటుంది, సూది గడ్డ పక్కనుంచి పోయినా ఆ జిడ్డే వస్తుంది. మైక్రోస్కోపులో చూడాల్సిందే. మాస్ట్ సెల్ అయితే కణం నిండా ఊదారంగు రేణువులు కనబడతాయి. త్వరగా రంగు పట్టించే కిట్లలో ఒక్కోసారి ఆ రేణువులు సరిగ్గా తేలవు. అనుమానం ఉంటే జీమ్సా రంగుతో ఇంకో స్లైడు చేయమనండి. నాలుగైదు తీయమన్నది ఇందుకు కూడా.

స్లైడ్లు గాలికి ఆరాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, తేమ పట్టి కణాలు పగిలిపోతాయి. ప్రతి స్లైడు మీద గడ్డ ఉన్న చోటు పెన్సిల్‌తో రాయించండి, మార్కర్ ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

గోదారి గట్టు

చాలా థాంక్స్ అండి. రేపే సూది పరీక్షకి తీసుకెళ్తున్నాం. మీ జవాబులు చదివాక ఒళ్లంతా తడిమి చూస్తే రెండు వెనక కాళ్లకీ మోకాలి వెనక భాగంలో ఉసిరికాయంత బిళ్ళలు తగిలాయి. దవడ కింద కూడా ఉన్నాయి. ఇవి కూడా గడ్డలేనా?

జవాబు: పెట్ క్లినిక్ డాక్టర్

అవి లింఫ్ గ్రంథులు. మనకి గజ్జల్లో బిళ్ళ కట్టినట్టే. మోకాలి వెనకది పెద్ద కుక్కల్లో ఆరోగ్యంగా ఉన్నా కాస్త తగులుతుంది, కానీ ఉసిరికాయంత ఉండదు. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక, రెండు వైపులా చూడండి. ఒక్క చోటే పెద్దదైతే దగ్గర్లో పన్ను పుచ్చిందో, పుండుందో వెతకాలి. అన్ని చోట్లా ఒకేసారి పెరిగితే మన ప్రాంతంలో ముందు గుర్తురావాల్సింది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్. రెండోది లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు, ఎర్లీకియా (టిక్ ఫీవర్ తెచ్చే క్రిమి) చూడమనండి. దాంతో పాటే మోకాలి వెనక గ్రంథి నుంచి కూడా సూదితో కణాలు తీయించండి. దవడ కింది దానికంటే అదే మేలు, నోటి పుండ్లు, పళ్ల పాచి వల్ల దవడ గ్రంథి ఎప్పుడూ కాస్త వాచే ఉంటుంది కాబట్టి స్లైడు అయోమయంగా వస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. పరీక్షలన్నీ అయ్యేదాకా స్టెరాయిడ్ పడనివ్వకండి. ప్రెడ్నిసొలోన్, డెక్సా, బెట్నెసాల్, పేరేదైనా సరే. "వాపు తగ్గుతుంది" అని ఇచ్చేస్తారు, నిజంగానే తగ్గుతుంది కూడా. లింఫోమా, మాస్ట్ సెల్ రెండూ స్టెరాయిడ్‌కి కొన్ని వారాలు కరుగుతాయి. ఈలోగా తీసిన స్లైడులో జబ్బు దాక్కుంటుంది. తర్వాత కీమో మొదలుపెట్టినా లింఫోమా అంత బాగా లొంగదు. నొప్పికని మనుషుల బ్రూఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కూడా వద్దు.

జవాబు: వీధికుక్కల సేవ

ఇది చదివే మిగతావాళ్ల కోసం. ప్రతి గడ్డకీ ఒకటే దారి కాదు.

ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి పొదుగు దగ్గర చింతగింజంత గట్టి బిళ్ళ తగిలినా నెల ఆగొద్దు. పొదుగు కణితుల్లో దాదాపు సగం క్యాన్సరే. ఐదు జతల పాలగ్రంథులు ఉంటాయి, ఒకటి దొరికితే మిగతా తొమ్మిదీ తడమండి. ఇక్కడ సూది పరీక్ష మంచిదీ చెడ్డదీ కచ్చితంగా తేల్చలేదు, తీసేసి బయాప్సీకి పంపాలి. కోసే ముందు ఛాతీ ఎక్స్‌రే మూడు కోణాల్లో తీయించండి, ఊపిరితిత్తులకి పాకిందో లేదో తెలియాలి. మొదటిసారి ఎదకు రాకముందే గర్భసంచి ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు దాదాపు పోతుంది. ఎదలు గడిచేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది.

వీధికుక్కలకి జననాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా ఎర్రగా, నెత్తురు కారుతూ ఉండేది సీటీవీటీ. జత కట్టినప్పుడు, నాకినప్పుడు కణాలే ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్ ఇది. కత్తితో కోస్తే మళ్లీ మొలుస్తుంది. విన్‌క్రిస్టిన్ కిలోకి 0.025 మి.గ్రా. చొప్పున వారానికోసారి నరంలోకి ఇస్తే చాలావాటికి నాలుగు నుంచి ఆరు వారాల్లో పూర్తిగా పోతుంది. ఇది డాక్టరు చేతిలో జరగాల్సిన పని. బొట్టు నరం బయట పడినా అక్కడి కండ కుళ్లిపోతుంది. ప్రతి డోసుకి ముందు తెల్లకణాలు లెక్కించాలి, 4,000 కంటే తక్కువుంటే ఆ వారం ఆపుతారు. రెండు డోసులకే నెత్తురు ఆగిపోయిందని మానేస్తే మళ్లీ వస్తుంది. ఇది నయమయ్యే జబ్బు, దయచేసి ఆ కుక్కల్ని వదిలేయకండి.

గడ్డ మీద సున్నం పెట్టడం, పులిపిరికి దారం బిగించడం, ఫినాయిల్ పోయడం, ఏదీ వద్దు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, అది నాకితే నోరు కూడా కాలుతుంది. పగిలిన గడ్డని సెలైన్‌తో కడిగి, గాజుగుడ్డ కప్పి, నాకకుండా మెడకి గరాటులాంటి కాలర్ వేసి తీసుకెళ్లండి. వానాకాలంలో ఒక్క పూట తెరిచి ఉంచినా ఈగలు వాలి పురుగులు పడతాయి.

ఖర్చుకి జంకేవాళ్లు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఓపీ టైము కనుక్కుని పొద్దున్నే వెళ్లండి.

జవాబు: పెట్ క్లినిక్ డాక్టర్

గోదారి గట్టు గారూ, రిపోర్టు వచ్చాక ఏం చేయాలో కూడా రాస్తున్నా.

లైపోమా అని తేలితే ఆపరేషన్ అక్కర్లేదు. మూడు నెలలకోసారి కొలవండి. చంకలో, గజ్జలో ఉండి నడకకి అడ్డమయ్యేవి మాత్రం చిన్నగా ఉన్నప్పుడే తీయించాలి. వేగంగా పెరిగినా, గట్టిపడినా మళ్లీ సూది పెట్టాలి. ఇంకో చోట కొత్త గడ్డ వస్తే దానికి వేరే పరీక్ష. మొదటిది కొవ్వు అయినంత మాత్రాన రెండోదీ కొవ్వే అనుకోకూడదు.

మాస్ట్ సెల్ అని వస్తే గడ్డ ఒక్కటే ఒలిచి తీస్తే చాలదు. చుట్టూ 2 నుంచి 3 సెం.మీ. ఆరోగ్యంగా ఉన్న చర్మం, అడుగున ఒక కండరపు పొర కలిపి తీయాలి. కోయకముందే పేరు తెలియాలని ఇంతగా చెప్పేది ఇందుకే. కొవ్వు అనుకుని చిన్న కోతతో తీశాక క్యాన్సర్ అని తేలితే, రెండోసారి పాత కుట్ల చుట్టూ ఇంకా పెద్దగా కోయాలి, అప్పటికి కలపడానికి చర్మం మిగలదు.

తీసిన ముక్క మొత్తం బయాప్సీకి వెళ్లాలి, సగం చెత్తబుట్టకి కాదు. ముక్కకి పది రెట్లు 10 శాతం ఫార్మలిన్ పోయాలి, తక్కువైతే మధ్యలో కుళ్లుతుంది. అంచుల్లో కణితి మిగిలిందా అనేది రిపోర్టులో విడిగా రాయమని అడగండి. ఫార్మలిన్ సీసా, సూది పరీక్ష స్లైడ్లు ఒకే డబ్బాలో పెట్టి పంపకండి. మూత బిగించి ఉన్నా ఆ ఆవిరికి స్లైడ్లు రంగు పట్టకుండా పాడవుతాయి.