అప్‌డేట్: మా వాడి తలస్నానం ఇప్పుడు ఎలా సాగుతోందంటే

ఆటిజం ఉన్న మా ఆరేళ్ల బాబు తలకి పోస్తుంటే గోల పెట్టేస్తున్నాడు, ఏం చేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అక్కలకి, అన్నలకి థ్యాంక్స్. పనిచేసినవి ఇవీ.

కుంకుడుకాయ మానేశాం. మా అత్తమ్మ ఒప్పుకోలేదు గానీ, ఆ రసం కంట్లో పడితే పెద్దవాళ్లకే మంట. బేబీ షాంపూ ఒక టీస్పూను అరగ్లాసు నీళ్లలో కలిపి పెట్టుకుంటాం. ఒంగోల్లో మా వీధి బోరు నీళ్లు ఉప్పన, నురగ సరిగా రాదు, జిడ్డు వదలక ఎక్కువ చెంబులు పోయాల్సొస్తుంది. అందుకే తలకి మాత్రం క్యాను నీళ్లు. ముందురోజు నూనె కూడా తగ్గించాం.

బకెట్ నింపి, కొళాయి కట్టేశాకే వాణ్ని లోపలికి తేవాలి. ఆ ధార చప్పుడు బాత్రూంలో మారుమోగుతుంటే అక్కడే బెదురుతాడు. నీళ్లు ముంజేతి మీద పోసుకుంటే వేడీ చల్లనా తెలియకూడదు.

తల వెనక్కి వంచితే పడిపోతున్నట్టు భయం. పీట మీద కూర్చోబెట్టి, నాలుగు మడతల పొడి తువ్వాలు నుదుటికి వాడి చేతే నొక్కి పట్టించి, ముందుకి వంచుతాం. తువ్వాలు తడిస్తే వెంటనే ఇంకోటి. చెంబు తలకి ఆనించి మెడవైపు నుంచి పోయాలి, ఎత్తు నుంచి పోస్తే దెబ్బలా తగులుతుంది. అయిదు లెక్కపెట్టేసరికి చెంబు ఆగాల్సిందే, నురగ మిగిలినా సరే. ముఖం తుడిచి మళ్లీ లెక్క. "ఇంకొంచెం నాన్నా" అని పొడిగించామా, ఆ లెక్కని ఇక నమ్మడు. రుద్దేది వేళ్ల కొనలతో కాదు, అరచేత్తో గట్టిగా అదిమి.

చెవుల దగ్గర నీళ్లు ఇంకా పడనివ్వట్లేదు. అక్కడ తడిగుడ్డతో సరిపెడుతున్నాం.