పాత ఎబొనైట్ ఇంకు పెన్ను మళ్ళీ రాయాలంటే ఏం చేయాలి? (చెన్నై)

వేలచ్చేరి_వాసి:
ఆరో తరగతికి రాగానే పెన్సిలు పక్కన పెట్టి ఇంకు పెన్ను పట్టిన రోజులు గుర్తున్నవాళ్ళను అడుగుతున్నాను. రాజమండ్రిలో చేసిన నల్ల ఎబొనైట్ పెన్ను ఒకటి ఇంట్లో ఉంది, డ్రాపర్‌తో ఇంకు పోసే రకం. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు. నలుపు వెలిసి గోధుమరంగుకు తిరిగింది, మర బిగుసుకుపోయింది. మా అబ్బాయి ఈ ఏడు ఆరో క్లాసు, దాంతోనే రాస్తానంటున్నాడు. వేడినీళ్ళలో నానబెట్టి విప్పవచ్చా? ఇంకు సగానికి దిగాక చుక్కలు కారేవి కదా, దానికేమైనా ఉపాయం ఉందా?

పాళీ_నాలిక:
వేడినీళ్ళు వద్దండీ. ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరిచిన రబ్బరు. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలితే పైపొర పాడవుతుంది, ఆ గోధుమరంగు అదే. అలాంటిదాన్ని వేడినీళ్ళలో వేస్తే ఇంకా పాలిపోతుంది.

చిన్న గ్లాసులో మామూలు నీళ్ళు తీసుకుని పాళీ, దాని పైన వేళ్ళు పట్టుకునే భాగం వరకే మునిగేలా రాత్రంతా ఉంచండి. ఎండిన ఇంకు కరిగి నీళ్ళు నీలంగా మారతాయి. తెల్లారి సైకిల్ ట్యూబు ముక్కలు రెండు చుట్టి, రెండు చేతులతో మెల్లగా తిప్పండి. పట్టకారు పెడితే గాటు పడుతుంది, ఒక్కోసారి చీలిపోతుంది కూడా. రాకపోతే ఇంకో రాత్రి నానబెట్టండి, తొందరేం లేదు. విప్పాక పాళీని, దాని కింది నల్ల ముక్కను (నాలిక) కలిపి పట్టుకుని తిన్నగా బయటికి లాగండి. నాలికలో సన్నటి గాడి ఉంటుంది. అంట్లు తోమే సబ్బు ఒక్క చుక్క వేసిన నీళ్ళలో మెత్తటి టూత్ బ్రష్షుతో ఆ గాడిని తోమి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. ఒక రోజు నీడలో ఆరనివ్వండి.

ఇక కారడం. అది పెన్ను లోపం కాదు, లోపలి గాలి చేసే పని. ఇంకు తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు నెడుతుంది. నాలిక పట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ వస్తే కాగితం మీద బొట్టు పడుతుంది. అందుకే మూడోవంతు మిగిలి ఉండగానే మళ్ళీ నింపేయాలి. ఎబొనైట్ వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది కాబట్టి పలుచటి ప్లాస్టిక్ పెన్నుకన్నా ఇది నయమే. రాసే ముందు పాళీ పైకి ఉండేలా నిలబెట్టి, గొట్టాన్ని అరనిమిషం గుప్పిట్లో పట్టుకుంటే అదనపు గాలి పాళీ గుండా పోతుంది. జేబులోనైనా సంచిలోనైనా పాళీ పైకే ఉండాలి.

మర దగ్గర కారుతుంటే ఆవగింజంత సిలికాన్ గ్రీజు పూయండి. వాజెలిన్ వద్దు, పెట్రోలియం సరుకు రబ్బరుకు పడదు. ఇంకు మర మొదలయ్యే గీత కిందే ఆపాలి. అంచుదాకా పోస్తే బిగించేటప్పుడు పైకి పొంగి వేళ్ళు నీలమవుతాయి. బళ్ళో అందరి వేళ్ళూ అలా ఉండటానికి సగం కారణం అదే!

మూడోవరుస:
పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను పాళీ సంగతి చెబుతాను. తిరిగి పెట్టేటప్పుడు పాళీ కొన నాలిక కొనకన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు ఉండాలి, చీలిక సరిగ్గా గాడి మీదికి రావాలి. పక్కకు జరిగిందో, ఇంకు దిగదు. పాళీకీ నాలికకీ మధ్య సందు కనిపించినా అంతే, రెండు లైన్లు రాసి ఆగిపోతుంది. వేడినీళ్ళు పనికొచ్చే చోటు ఇదొక్కటే: పాళీ ఉన్న కొస మాత్రం బాగా కాగిన నీళ్ళలో ఇరవై సెకన్లు ముంచి, తీసి, నాలికను బొటనవేలితో పాళీకి నొక్కి చల్లారేదాకా పట్టుకోండి. చేయి కాలకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి.

గీరుకుంటోందా? పదింతలు పెద్దగా చూపే లూప్‌తో ఎదురుగా చూడండి. చీలికకు రెండువైపులా కొనలు ఒకే ఎత్తులో లేకపోతే ఒక దిక్కుకు రాసేటప్పుడే గీరుతుంది. కిందికి ఉన్నదాన్ని గోటితో కాస్త పైకెత్తితే చాలు. అన్ని దిక్కులా గీరితే కొన గరుకెక్కినట్టు. గరుకు కాగితంతో రుద్దకండి, పైనున్న గట్టి లోహపు బొట్టు అరిగిపోతే ఆ పాళీ ఇక రాయదు.

పారిస్‌కార్నర్:
ఇంకు బ్రిల్ గానీ కామ్లిన్ గానీ, రాయల్ బ్లూ ఫౌంటెన్ పెన్ను ఇంకే కొనండి. డ్రాయింగ్ ఇంకు పోస్తే గాడిలో గడ్డకట్టి కూర్చుంటుంది. పాళీ మార్చాల్సి వస్తే మన చెన్నై పారిస్ కార్నర్‌లో జెమ్ అండ్ కో అనే పెన్నుల కొట్టు ఉంది. ఎబొనైట్ పెన్నులు చేసే రంగా వాళ్ళు తిరువళ్ళూరులో ఉన్నారు.

కాగితం కూడా చూసుకోండి. మన ఊరి ఉక్కకు నోటుబుక్కు తేమ పీలుస్తుంది, అక్షరం అంచుల్లో ఇంకు పాకుతుంది. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువుండే) కాగితం మేలు. బొట్టు పడితే చాక్‌పీసు దాని మీద దొర్లించండి, రుద్దకండి.

వేలచ్చేరి_వాసి:
అందరికీ ధన్యవాదాలండీ, మర వచ్చేసింది. నీళ్ళు మూడుసార్లు మార్చాను. ఒక్క సందేహం: వాడు బాల్‌పెన్నుకు అలవాటుపడి బాగా నొక్కుతాడు.

పాళీ_నాలిక:
అసలు జాగ్రత్త అక్కడే కావాలి. బాల్‌పెన్ను కొనలో గోళీ తిరగాలంటే నొక్కాలి, అందుకే దాన్ని నిలువుగా పట్టి అదుముతారు. ఇంకు పెన్నుకు దాని బరువే చాలు. కాగితానికి ఏటవాలుగా, 45 నుంచి 50 డిగ్రీల్లో పట్టించండి. నొక్కితే చీలిక విచ్చుకుపోయి పాళీ చెడుతుంది.

మెత్తటి అట్ట మీద రెండు కాగితాలు పెట్టి, పై దాని మీద సున్నాలు, ‘అ’, ‘ఱ’, తలకట్లు రాయించండి. తర్వాత కింది కాగితాన్ని వేలితో తడమండి. గాళ్ళు తగిలితే ఇంకా నొక్కుతున్నట్టే. అది నున్నగా వచ్చేదాకా ఇంట్లోనే రాయించండి, బడికి పంపకండి. వారానికోసారి, ఆదివారం అనుకోండి, ఇంకు ఖాళీ చేసి మామూలు నీళ్ళతో కడగడం వాడికే అప్పజెప్పండి.