1988 911 కారెరా: సర్వీస్ బుక్ లేదు, స్టిక్కర్ లేదు. ఫ్యాక్టరీ వివరాలు ఎలా దొరుకుతాయి?

ఎర్రకారెరా:
అందరికీ నమస్తే. మూడు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 1988 పోర్షే 911 కారెరా 3.2 తీసుకున్నాను. బండి బ్రహ్మాండంగా నడుస్తోంది, తంటా అంతా కాగితాలతోనే. సర్వీస్ బుక్ ఎప్పుడో పోయిందట, ముందు బానెట్ లోపలివైపు ఉండాల్సిన ఆప్షన్ల స్టిక్కర్ కూడా లేదు, అది ఊడిన జిగురు మరక కూడా లేదు. ఫ్యాక్టరీ నుంచే ఎరుపు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే భాగం) కూడా ఉందని అమ్మినాయన గట్టిగా చెప్పారు. నిన్న శుభ్రం చేస్తూ డోర్ రబ్బరు కాస్త లాగి చూస్తే, దాని కింద వేలెడంత తెలుపు రంగు! అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఛాసిస్ నంబర్ ఒక సైట్‌లో కొడితే మోడల్, ఏడాది తప్ప ఏమీ రాలేదు. ఈ కారు తయారైనప్పుడు ఏ రంగు వేశారో, ఏమేం బిగించారో చెప్పే కాగితం ఇప్పుడు దొరికే దారి ఉందా?

పాతరేకు:
సైట్ తప్పేం లేదండీ, ఆ నంబర్‌లో ఉన్నదే అంత. పదో అక్షరం జె ఉంటే 1988 మోడల్, పదకొండోది ఎస్ ఉంటే స్టుట్‌గార్ట్ ఫ్యాక్టరీలో తయారైందని. రంగు, సీట్లు, డిఫరెన్షియల్ అందులో ఉండవు. అవన్నీ ఆ స్టిక్కర్ మీదే ఉంటాయి, అలాంటిదే ఇంకోటి సర్వీస్ బుక్‌లో అతికిస్తారు. ఇంజిన్ టైప్, రంగు కోడ్, కింద వరసగా మూడంకెల ఆప్షన్ కోడ్‌లు. 220 ఉంటే లిమిటెడ్ స్లిప్, 454 ఉంటే క్రూజ్ కంట్రోల్. జిగురు మరక కూడా లేదంటే బానెట్ మారి ఉండొచ్చు, లేదా పెయింట్ వేసేటప్పుడు గీకేసి ఉండొచ్చు. కొత్తగా ప్రింట్ చేసిన స్టిక్కర్లు అమ్ముతారు, దయచేసి అవి కొని అతికించకండి, రేపు మీ దగ్గర కొనేవాళ్లని మోసం చేసినట్టవుతుంది.

డిఫరెన్షియల్ సంగతి ఈలోగా మీరే చూడొచ్చు. వెనక రెండు చక్రాలూ లేపి, జాక్ స్టాండ్‌లు గట్టిగా పెట్టి, న్యూట్రల్‌లో ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది అదే వైపు తిరిగితే ఉన్నట్టే. ఎదురు తిరిగితే మాత్రం లేదని అప్పుడే తేల్చెయ్యకండి, దాని లోపలి ప్లేట్లు అరిగిపోయినా అలాగే తిరుగుతుంది.

ఫ్లాట్‌సిక్స్:
కంపెనీ అధీకృత డీలర్‌కి రాయండి, ఫోన్‌లో అడిగితే తేలదు. కారు మీ పేరు మీదున్న కాగితం, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఫొటోలు జతచేసి, ఈ బండి ఫ్యాక్టరీ రికార్డు కావాలని అడగండి. పోర్షే వాళ్లకి క్లాసిక్ టెక్నికల్ సర్టిఫికెట్ అని ఒకటుంది, అందులో ఫ్యాక్టరీ రికార్డుతో పాటు కారుని కళ్లారా చూసి ఇప్పుడున్న స్థితి కూడా రాస్తారు. ఇంజిన్ నంబర్ రికార్డుతో కలుస్తుందా అన్నది రంగు కంటే ముఖ్యం, అది మర్చిపోవద్దు. ఇంకోమాట, పూర్తి ఛాసిస్ నంబర్ ఇక్కడ పెట్టకండి.

రెండోఓనర్:
పాత యజమానుల్ని వదలకండి. నా పోర్షే 944 సర్వీస్ బుక్, నాకు అమ్మినాయనకంటే ముందున్న ఓనర్ బీరువాలో దొరికింది, కారు అమ్మేసి పదకొండేళ్లయినా తాళాల గుత్తితో సహా దాచిపెట్టారు. నేనొక ఉత్తరం రాసి కారు ఫొటో పంపితే ఆయనే కొరియర్ చేశారు. మొదటి పేజీలో డెలివరీ తేదీ, డీలర్ ముద్ర చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎర్రకారెరా:
అందరికీ చాలా థాంక్స్. ఐదు వారాలకి డీలర్ నుంచి జవాబొచ్చింది. రంగు కోడ్ 908, గ్రాండ్ ప్రి వైట్. అమ్మినాయన మాట అక్కడ తప్పింది. కానీ 220 ఉంది, చక్రాలు కూడా ఒకేవైపు తిరిగాయి, ఇంజిన్ నంబర్ కూడా కలిసింది! మళ్లీ తెలుపు వేయించాలా అన్నది తర్వాత చూస్తాను. ముందు నాకంటే ముందున్న ఓనర్‌కి ఉత్తరం రాస్తున్నాను, ఫొటో కూడా పెడుతున్నాను.