'నరం నొక్కీసింది' అంటే ఏ నరం?

మా బొబ్బిలి వైపు మెడ దగ్గర ఏమొచ్చినా 'నరం నొక్కీసింది' అనేస్తారు. చెయ్యి లాగినా అదే, మెడ పట్టేసినా అదే. మా పెదనాన్నగారి ఎమ్మారై చూసి ఇంట్లో అందరూ ఇదే మాటన్నారు గానీ, డాక్టరు చెప్పింది వెన్నుపాము నొక్కుకుందని. ఆ మాట ఆయనకి చెబితే "పామేటిరా" అని నవ్వీసేరు. ఈ రెండిటినీ విడదీసే వాడుక మాట ఉందా?

చీపురుపల్లి నుంచి: నేను ఫిజియోథెరపీ చేస్తాను, రోజూ ఇదే గొడవ. వెన్నుపాము పూసల లోపల దిగుతుంది, దాంట్లోంచి పక్కకి చీలి చేతుల్లోకి వెళ్లేవి నరాలు. మెడలో పూసలు 7, నరాల జతలు 8. నరం నొక్కుకుంటే మామూలుగా ఒక చెయ్యి గట్టిగా లాగుతుంది, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. వెన్నుపాముకైతే నొప్పే ఉండకపోవచ్చు. చొక్కా బొత్తాం పెట్టుకోలేరు, ముద్ద కలుపుతుంటే వేళ్లు మాట వినవు, నడుస్తుంటే కాళ్లు బిగుసుకుని తూలుతారు. దీన్ని కూడా 'నరమే కదా' అనుకుని సెలూన్లో మెడ టక్కుమనిపించుకునేవాళ్లున్నారు, దయచేసి వద్దు.

బొబ్బిలి: ఇంకోటి. డాక్టరు "ఒత్తిడి తీసేస్తాం" అంటే మా పెద్దమ్మ టెన్షన్ తగ్గిస్తారనుకుంది!

టెక్కలి నుంచి: అందుకే 'ఇరుకు తీసి చోటు చేస్తారు' అనండి, జరిగేదీ అదే. ఆపరేషన్ మెడ ముందు వైపు నుంచి చేస్తే, పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కో, కేజ్ అనే చిన్న దిమ్మో పెడతారు, చాలాసార్లు ప్లేటు కూడా బిగిస్తారు, ఆ రెండు పూసలూ అతుక్కుపోతాయి. తర్వాత కొన్నాళ్లు మింగడం కష్టంగా ఉండొచ్చు. నాలుగైదు చోట్ల ఇరుకుంటే ఎక్కువగా వెనక నుంచి. అందులో ఒక పద్ధతి జపాన్ వాళ్లది, పూస వెనక భాగాన్ని ఒక పక్క మడతబందులా ఉంచి రెండో పక్క తెరుస్తారు, పేరే 'ఓపెన్ డోర్'.

చీపురుపల్లి: 'నయం చేస్తారు' అని మాత్రం చెప్పకండి. ముదరకుండా ఆపడం అసలు పని. చాలామందికి కొంత తేరుకుంటుంది, కానీ ఆలస్యమైతే పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు.

బొబ్బిలి: 'ముదరకుండా' అంటే పెదనాన్నగారికి వెంటనే అర్థమైంది. "అలాగైతే ఎందుకు నాన్చడం" అన్నారు.