దియన్ బియన్ ఫూ: కొండలు వదిలేసి లోయలో ఎందుకు దిగారు?

ఒక విషయం నాకు అస్సలు మింగుడుపడటం లేదు. తమ పాలన మీద తిరగబడ్డ హో చి మిన్ వియత్‌మిన్ దళాలకి లావోస్ దారి మూయడానికి ఫ్రెంచి సేన 1953 నవంబరులో వియత్నాం వాయవ్య మూలనున్న ఈ దియన్ బియన్ ఫూలో పారాచూట్లతో దిగింది, సరే. చుట్టూ కొండలుంటే లోయలో మకాం ఏంటండీ? వియత్‌మిన్ ఫిరంగులు అంత ఎత్తుకి చేరవనే ధీమానా? వియత్‌మిన్ సేనాపతి జియాప్ మనుషులు వాటిని తాళ్లతో లాగి, కొండ కడుపులో తవ్విన గుంటల్లో దాచారు. బియ్యమేమో సైకిళ్ల మీద! 1954 మార్చి 13న దాడి మొదలైంది, నెలాఖరుకే రన్‌వే పనికిరాకుండా పోయింది, మే 7కి కోట కూలింది.

జనవరిలోనే కొట్టాలనుకుని జియాప్ ఆఖరి నిమిషంలో ఆగాడు కదా. ఆగకపోతే ఫ్రెంచివాళ్లు నిలబడేవాళ్లా? ఆర్మీలో, ముఖ్యంగా ఫిరంగి దళంలో చేసినవారు కాస్త వివరంగా చెప్పండి. జెనీవా శాంతి చర్చల రాజకీయాలు వద్దు, నేల సంగతి కావాలి.