గుయ్యిమంటోందా, గరగరలాడుతోందా?

పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలి. ముందు రేడియో సంగతి చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

అటకమీద ఏళ్ల తరబడి పడున్న మా తాతగారి వాల్వు రేడియోని (ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు గొట్టాలతో పనిచేసే రకం) ఈ వేసవిలో బాగుచేయించాను. పాతబస్తీలో ఒక పెద్దాయన చేశాడు, చాచా అంటాను. లోపల ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీఎల్82, ఈజెడ్80 అనే వాల్వులు, ముందువైపు ఒక పచ్చ కన్ను (అదీ వాల్వే). స్టేషన్ బాగా తగిలితే ఆ కన్ను మూసుకుంటుంది. (రేడియో కన్నుమూస్తే శుభం! మన భాషకు ఇదొక్కటే మినహాయింపు అనుకుంటా.) రెండు నెలలు హాయిగా పాడింది. ముల్లు 738 దగ్గరికి తెస్తే చాలు, హైదరాబాద్ 'ఏ' కేంద్రం నల్లకుంటలో మా ఇంటి మూడు గదులకూ వినిపించేది. పోయిన వారం నుంచి పాట వెనకాల ఏదో శబ్దం, ఇంగ్లీషులో హమ్ అంటారే, అది. ఫోన్ చేసి "చాచా, హమ్ వస్తోంది" అన్నాను.

"హమ్ గిమ్ నాకు తెల్వదు బేటా. గుయ్యిమంటుందా, గరగరంటుందా, ఫట్‌ఫట్‌మంటుందా? అది చెప్పు ముందు."

నేను తెల్లబోయాను. ఏదో ఒక చప్పుడే కదా అనుకున్నా. ఇంతకీ నా ప్రశ్న: ఈ హమ్ అనేదానికి మన మాట ఏది? ఇన్ని శబ్దాల మధ్య తేడా నిజంగా ఉందా, లేక ఎవరి నోటికొచ్చింది వాళ్లు అంటారా?

గుంటూరు నుంచి:
ఝుంకారం అనొచ్చు కదండీ. చక్కటి మాట.

రిటైర్డు తెలుగు మాస్టారు:
అమ్మా, ఝుంకారం తుమ్మెదది. వినబుద్ధయ్యే చప్పుడు. పాడైన రేడియోకి ఆ మర్యాద ఎందుకు? రొద అందామంటే అది నలుగురు కలిసి చేసేది. హోరు అందామంటే గాలికీ సముద్రానికీ పోతుంది. ఆ చాచా అన్న గుయ్యే సరైన మాట. చెవి మీద దెబ్బ తగిలితే "చెవులు గుయ్యిమన్నాయి" అంటాం చూడండి, అదే శబ్దం.

ఇక తేడా సంగతి. అనుకరణ శబ్దాల్లో నాకు కనబడిన పద్ధతి ఒకటుంది. తెంపు లేకుండా సాగే శబ్దానికి మాట ఒక్కసారే పలికి 'మను' తగిలిస్తాం: గుయ్యిమను, రయ్యిమను, సుయ్యిమను, బుస్సుమను. ముక్కలు ముక్కలుగా వచ్చేదాన్ని జంటగా పలుకుతాం: గరగర, చిటపట, లొడలొడ, టకటక. ఆవాలు చిటపటలాడతాయి. కాలిన పెనం మీద నీళ్లు చల్లితే సుయ్యిమంటుంది. అటూ ఇటూ మార్చి అనండి, నోరు ఒప్పుకోదు.

వరంగల్ నుంచి:
మాస్టారూ, మా దిక్కు దోమలు గుయ్‌గుయ్‌మంటయ్. మరి అది జంటనే కదా?

మాస్టారు:
దోమ చెవి దగ్గరికొస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది కదమ్మా. మీవాళ్లు సరిగ్గానే విన్నారు.

రేడియోలు విప్పే మనిషి:
మాస్టారు చెప్పింది చదివి లేచి నిలబడ్డాను సార్. ముప్పై ఏళ్లుగా నేను రిపేరు చేస్తున్నది ఈ వ్యాకరణంతోనే అని ఇప్పుడే తెలిసింది.

తెంపులేని గుయ్యి కరెంటు నుంచి వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. ఈజెడ్80 లాంటి వాల్వు రెండు వైపులా పనిచేసి దాన్ని డీసీ (ఒకే వైపు పారే కరెంటు) చేస్తుంది కాబట్టి మిగిలే అలలు సెకనుకు 100. వాటిని నున్నగా చేయాల్సింది ఫిల్టర్ కండెన్సర్ (కండెన్సరంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం). అది లోపల ఎండిపోతే అలలు నేరుగా స్పీకర్‌కి పోతాయి. వాల్యూం పూర్తిగా తగ్గించి చూడండి. అప్పుడూ గుయ్యిమంటుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. తగ్గితే తప్పు వాల్యూం కంట్రోల్‌కి ముందెక్కడో ఉంది.

గరగర అయితే ఎక్కడో సరిగ్గా తగలడం లేదని అర్థం. వాల్యూం కంట్రోల్‌లో కార్బన్ పట్టీ అరిగిందా, వాల్వు కాళ్లకు చిలుము పట్టిందా, టంకం విడిచిందా చూడాలి. నాబ్ తిప్పినప్పుడే గరగరలాడితే ఇంకెక్కడా వెతకొద్దు.

ఫట్‌ఫట్‌ది వేరే కథ. పాత ఫట్‌ఫటి బండి నిలబడి ఉన్నట్టు ఆగి ఆగి కొడుతుంది. ఒక వాల్వు వాడుకునే వోల్టేజి ఇంకో వాల్వును ఊపుతోందన్నమాట. మధ్యలో అడ్డుండాల్సిన డీకప్లింగ్ కండెన్సర్ చచ్చిపోయి ఉంటుంది. కీచుమంటే కూడా ఇలాంటిదే, కాకపోతే పై స్థాయిలో. వాల్వు మీద రేకు తొడుగు తీసి మళ్లీ పెట్టడం మర్చిపోయినా కీచుమంటుంది.

వీటన్నిటికంటే నాకు భయం బొంగురు గొంతంటే. శబ్దం ఏమీ ఉండదు, పాడేవాళ్ల గొంతు బొంగురుపోతుంది, అంతే. ఈసీఎల్82 అంటే ఒకే గాజు బుడ్డిలో రెండు వాల్వులు. అందులో ముందు సగం నుంచి వెనక సగానికి పాట మోసే కప్లింగ్ కండెన్సర్ లీకయితే వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్డుకు పాజిటివ్ వోల్టేజి తగులుతుంది. వాల్వు అతిగా కరెంటు లాగి కాలిపోతుంది. పాత మైనం కాగితం కండెన్సర్లు ఉంటే పరీక్షలెందుకు, మార్చేయండి.

ఒక్క మాట: ప్లగ్గు పీకినా ఫిల్టర్ కండెన్సర్‌లో రెండు మూడు వందల వోల్టులు నిలబడే ఉంటాయి. రెసిస్టర్ పెట్టి దించకుండా, మీటర్‌తో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్లయితే లోపలి రేకు చట్రం, అదే చాసిస్సే, షాకు కొడుతుంది.

గుంటూరు నుంచి:
అయితే కరకరకీ గరగరకీ తేడా ఏంటి?

మాస్టారు:
జంతిక కరకర, గంజి పెట్టిన పంచె గరగర. మొదటిది తేలిక, రెండోది మందం. పరపరకీ బరబరకీ ఇదే తేడా. కీచు, కిర్రు అనే ఇకారపు మాటలు సన్నవి, గుయ్యి, గుర్రు అనే ఉకారపువి లావువి. అన్నట్టు ఇంకోటి. మా నాన్నగారు 1935లో మొదలైన డెక్కన్ రేడియో కాలం మనిషి. 1950లో అది ఆలిండియా రేడియో అయ్యాక కూడా ఆయన నోట "రేడియో పనిచేయట్లేదు" అన్న మాట నేను వినలేదు. "పలకట్లేదు" అనేవారు. మనిషికి వాడే క్రియే దానికీను.

అడిగినవాణ్ణి, మళ్లీ:
అందరికీ ధన్యవాదాలు. వాల్యూం సున్నాకి తెచ్చి చూశాను, గుయ్యి అలాగే ఉంది. చాచాకి చెప్తే "గట్ల చెప్పాలె" అని కోఠి గుజరాతీ గల్లీకి పంపాడు. 47 మైక్రోఫారడ్, 450 వోల్టుల ఫిల్టర్ కండెన్సర్లు రెండు తెచ్చాను. బాగుచేసినప్పుడు పాత అల్యూమినియం డబ్బా కండెన్సర్‌నే, పనిచేస్తోంది కదా అని ఉంచేశాడట. "నాదే తప్పు" అన్నాడు, కూలి తీసుకోలేదు. టీ మాత్రం తాగాడు.

గుయ్యి పోయింది. పోయాక దాని కింద దాక్కున్న గరగర బయటపడింది! నాబ్ ముట్టకపోయినా వస్తోంది, అదీ సాయంత్రం ఏడు తర్వాతే. రెండు రోజులు వాల్వు కాళ్లు తుడిచాను. చివరికి వంటింట్లో కొత్త ఎల్‌ఈడీ బల్బు ఆపితే ఠక్కున ఆగింది. రేడియో పాపం బల్బు గోల వినిపిస్తోంది, అంతే.

ఇప్పుడింకోటి. బీరువా తలుపు వేస్తే రేడియోలోంచి ఒక మోత. చాచాకి ఫోన్ చేస్తే "ఠంగుమంటుందా, ఖంగుమంటుందా?" అన్నాడు. రెండూ ఒకటే కదా అన్నాను. పెన్సిల్ వెనకాల రబ్బరుతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టి విని చెప్పమన్నాడు. తట్టాను. నాలుగు ఊరుకున్నాయి. ఈసీఎల్82 మాత్రం గుడిగంటలా ఖంగుమని, చాలాసేపు మోగింది.