‘ఎస్ మినిస్టర్’లో బెర్నార్డ్ ఎవరి మనిషి? తెలిసినవాళ్ళు చెప్పండి

బీబీసీలో 1980లో మొదలైన ‘ఎస్ మినిస్టర్’ అనే బ్రిటిష్ రాజకీయ హాస్య ధారావాహిక ఈమధ్యే చూస్తున్నాను. మంత్రి హ్యాకర్ ఏ సంస్కరణ తలపెట్టినా శాశ్వత కార్యదర్శి (ఆ శాఖలో అందరికంటే పై అధికారి) సర్ హంఫ్రీ నేరుగా ఎదురు చెప్పడు. కమిటీ వేద్దామంటాడు, ఇది సమయం కాదంటాడు, చివరికి పని ఆగిపోతుంది. ఒక్క రోగీ లేకుండా 500 మంది సిబ్బందితో నడిచే ఆసుపత్రి గురించిన ఎపిసోడ్ చూశాక రెండు రోజులు అదే ఆలోచన. నవ్వు వచ్చింది కానీ, నిజంగా బాధ కూడా కలిగింది.

నా సందేహం బెర్నార్డ్ గురించి. అతను మంత్రికి ఆంతరంగిక కార్యదర్శి, రోజంతా ఆయన వెంటే ఉంటాడు. కానీ పదోన్నతి మాత్రం హంఫ్రీ చేతిలో ఉన్నట్టు చూపిస్తారు. మంత్రులు వస్తారు, పోతారు, అధికారులు ఉండిపోతారు కదా. మరి బ్రిటన్‌లో నిజంగానే ఆ ఉద్యోగి ఇద్దరి మధ్యా అలా నలిగిపోతాడా? మంత్రి రహస్యంగా చెప్పిన మాట పై అధికారికి చేరకుండా ఏదైనా నియమం ఉందా?

ఇంకొకటి. అక్కడి ఆనవాయితీ ప్రకారం, వేరే పార్టీ ప్రభుత్వంలోని మంత్రుల కాగితాలు కొత్త మంత్రి చూడకూడదట. అలాంటప్పుడు అధికారి చెప్పింది నిజమో కాదో ఆయన ఎలా తేల్చుకుంటాడు? ఆ పాలనా వ్యవస్థ గురించి చదివినవాళ్ళు, దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.